గోలకొండ మంత్రి మాదన్న

అక్కన్న మాదన్నల పేరు విననివారు ఆంధ్రదేశమున అరుదు. బెజవాడలో ఇంద్రకీలాద్రి క్రిందనున్న గుహలకు వారి పేరే. హైదరాబాదులో మాదన్నపేటకు వారి పేరే. గోలకొండ కోటలోని యొక పాత కచేరికిని వారి పేరే. బెజవాడ గుహలు వారు పుట్టుటకు దాదాపు వేయి సంవత్సరములకు ముందే తొలువబడినవి. అయినను జనులు తమకు ప్రియమైన పేరును వానికి తగిలించి విడిచిరి. ఇంత ప్రసిద్ధి గల పురుషులు ఎట్లు పైకి వచ్చిరో, ఎవరి మాటలచేత నశించిరో అడిగినచో మాత్రము జవాబు చెప్పువారు కొందఱే. కావున ఈ సంవత్సరపు సంచికకు మాదన్న చరిత్రమును వ్రాయ బూనితిమి. సోదరులిద్దఱిని జంటగా చెప్పుట వాడుకయే గాని, రాజ్యభారమును వహించినవాడు మాదన్న. అక్కన్న అతనికి కుడిభుజము.

మాదన్న హనుమకొండ వాస్తవ్యుడు. పింగళి వారి యింటివాడు. తండ్రి భానూజీ పంతులు. ఇంట కలిమి లేదు. ఆ కాలమున గోలకొండ రాజ్యమునందు చదువుకొన్న బ్రాహ్మణ కుటుంబములకు తెలిసిన దారి లెక్కల కొలువు. సైన్యాధిపత్యములును దర్బారు పదవులును పారసీకమునుండియు అరేబియానుండియు వచ్చిన సర్దారులవి, దక్కను ముసల్మాను ప్రభువులవి. పన్నుల లెక్కలు, దస్తరములు, గ్రామ కరణీకములు తెలుగువారివి. మాదన్నయు ఆ దారినే పోయి, సయ్యదు ముజఫరు అను గొప్ప సర్దారునొద్ద గుమాస్తాగా చేరెను. లెక్కలలో అతనికి గల నేర్పును ఆ సర్దారు త్వరలోనే కనిపెట్టెను. ఆ గుమాస్తా యొకనాడు రాజ్యమునకే మంత్రి యగుట యెట్లు సంభవించెనో తెలియవలెనన్న ముందుగా మనము గోలకొండ రాజగృహములోనికి తొంగి చూడవలెను.

అబ్దుల్లా కుతుబ్‌షా 1626వ సంవత్సరము మొదలు నలువదియాఱు సంవత్సరములు రాజ్యము చేసెను. అతనికి కుమారులు లేరు, కుమార్తెలు ముగ్గురు. కొడుకులు లేని రాజుగారి యింట అల్లుండ్రే దాయాదులైరి. పెద్దయల్లుడు నిజాముద్దీను అహమ్మదు మక్కానుండి వచ్చిన సయ్యదు వంశీకుడు. విద్వాంసుడు, కార్యజ్ఞుడు, అంతకు మించిన గర్వము గలవాడు. రెండవ యల్లుడు ఔరంగజేబు జ్యేష్ఠపుత్రుడగు మహమ్మదు సుల్తాను. ఈ రెండవ సంబంధము ప్రీతిచే కలిసినది కాదు. 1656వ సంవత్సరమున, అప్పటికింకను రాజకుమారుడై దక్కనునకు సుబేదారుగా నున్న ఔరంగజేబు, హైదరాబాదుపై బడి కోటను ముట్టడించినపుడు సంధికి వెలగా ఇయ్యబడిన కన్య యామె. అబ్దుల్లాకు పిదప గోలకొండ ఈ యల్లునికే చెందవలెనని రహస్యముగా నొక యొడంబడికయు అప్పుడు జరిగినది. పిమ్మట మహమ్మదు సుల్తాను తండ్రి యాగ్రహమునకు గుఱియై చెఱసాలలో పడుటచే ఆ చిక్కు దానంతటదియే విడిపోయెను.

మూడవ కుమార్తె పెండ్లి కథ మిక్కిలి వింతయైనది. ఆమెను సయ్యదు సుల్తాను అనువాని కిచ్చుటకు నిశ్చయించి పెండ్లిపనులు మొదలుపెట్టిరి. పెద్దయల్లునికిని ఈ పెండ్లికొమారునికిని పాత పగ. ఈ పెండ్లి జరిగెనా తన పరివారముతో లేచి మొగలాయి కొలువునకు పోయెదనని నిజాముద్దీను పంతము పట్టెను. ఇంటి యల్లుడు పగవాని పంచ చేరుట యనగా ఇంటి గుట్టంతయు వానివెంట పోవుటయే. రాజునకును అంతఃపుర స్త్రీలకును ఏమి చేయుటకును తోచలేదు. ముహూర్తము ముంచుకొని వచ్చుచున్నది. అప్పుడు అబుల్ హసను పేరు వారికి తట్టెను. అతడు రాజవంశమునకు బంధువే గాని, షారాజు అను సూఫీ గురువు నాశ్రయించి యేండ్ల తరబడి ఫకీరు బ్రదుకు బ్రదుకుచు రాజగృహపు దృష్టికి దూరమై యుండెను. అతనిని పిలిపించి, స్నానము చేయించి, పెండ్లిబట్టలు కట్టించి గుఱ్ఱమెక్కించిరి. సయ్యదు సుల్తాను ఈ మాట విని తన పెండ్లి సామగ్రికి నిప్పు పెట్టించి తానే మొగలాయి కొలువునకు పోయెను. ఒక యల్లుడు పోవునను భయముచే చేసిన పనికి రావలసిన యల్లుడు పోయెను! ఆ ఫకీరు వరుడే తరువాత తెలుగువారు తానీషా యని పిలిచిన రాజు.

1672వ సంవత్సరము ఏప్రిలు నెలలో అబ్దుల్లా మరణించెను. ఆ క్షణమే కోట తలుపులు మూసి అల్లుండ్ర పక్షములు రెండును కత్తులు దూసెను. అంతఃపురములోనే పోరాటము జరిగినది. పెద్ద కుమార్తె ఆయుధములు ధరించిన దాసీజనముతో తానే ముందునకు వచ్చినదని చరిత్రకారులు వ్రాసిరి. నిజాముద్దీను గర్వము నోర్వలేని సర్దారులు, వారిలో ముఖ్యుడు సయ్యదు ముజఫరు, అబుల్ హసను పక్షము వహించి పెద్దయల్లుని బంధించిరి. అబుల్ హసను సింహాసన మెక్కెను. ముజఫరు మీర్‌జుమ్లా, అనగా ప్రధానమంత్రి, యయ్యెను. యజమానుని వెంట గుమాస్తాయు పైకి వచ్చెను.

రాజును చేసినవాడు రాజు నెత్తిమీద కూర్చుండుట లోకమున క్రొత్త గాదు. ముజఫరు సైన్యమును తన చేత బెట్టుకొని, తానీషాను పేరునకు మాత్రమే రాజుగా నుంచెను. రాజు ఫకీరుగా బ్రదికినవాడు గదా, ఏ మెఱుగునని తలచెను కాబోలు. కాని ఫకీరు బ్రదుకున మనుష్యులను కనిపెట్టుట యలవడును. ముజఫరు బలమంతయు అతని క్రింది యుద్యోగుల చేతిలో నున్నదనియు, ఆ యుద్యోగులలో తెలివిగలవాడు మాదన్న యనియు రాజు గ్రహించెను. వారిరువురును లోలోపల నొకటైరి. మాదన్న ముజఫరు సేనానాయకుల నొక్కొక్కరినే ధనముచేతను మాటచేతను రాజు వైపునకు త్రిప్పెను. ఇక కత్తి దూయు నవసరము లేకపోయినది. 1674వ సంవత్సరము నాటికి ముజఫరు పదవి ముజఫరు గుమాస్తాదే యయ్యెను.

ఇందు మాదన్న చేసినది న్యాయమా యని మా చదువరులలో కొందఱు ప్రశ్నింపవచ్చును. ఉప్పు తిన్న యింటిని కూల్చినాడనియే దర్బారులోని సర్దారులు అనుకొనిరి. ఆ మాట పండ్రెండేండ్లు అతనిని వెన్నంటి వచ్చినది. అతనికి ప్రభువు రాజే గాని సర్దారు గాడనియు చెప్పవచ్చును. మా మట్టునకు మేము రెండవ పక్షము వారమే. అయినను, ఒక విషయము మఱువరాదు. ఇంటిలో గుసగుసలతో ఒక మంత్రిని దింపవచ్చునను పాఠమును గోలకొండ రాజగృహమునకు చక్కగా నేర్పినవాడు మాదన్నయే.

అతని పని మాత్రము తేలికైనది కాదు. 1636వ సంవత్సరపు సంధి ననుసరించి గోలకొండ సంవత్సరమునకు రెండు లక్షల హొన్నులు మొగలాయి పాదుషాకు కప్పము కట్టవలెను. హైదరాబాదులో పాదుషా వకీలు కాపురముండి జాబులు వ్రాయుచుండును. కప్పము మొత్తముగా చెల్లించినచో బొక్కసము వట్టిపోవును. మొత్తముగా ఆపినచో ఫౌజు వచ్చును. మాదన్న కొంత చెల్లించుచు, కొంత నిలువ వేయుచు, ఒప్పుకొనుచు, జాగు చేయుచు కాలము గడపెను. అతని బంధువులకు పెద్దయుద్యోగములు లభించినవి. అక్కన్న అధికారము సోదరుని తరువాత సోదరునిదే. వారి చుట్టమగు రుస్తుంరావు సేనానాయకుడయ్యెను. అయినను సర్వసైన్యాధిపత్యమును మాదన్న తన వారి కియ్యలేదు. మీర్ మహమ్మదు ఇబ్రహీము అను పారసీక సర్దారును తానే పైకి దెచ్చి అతని చేతిలో పెట్టెను. ఈ ఇబ్రహీము పేరును చదువరులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము.

భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న మాదన్నకు మేనల్లుడని ప్రతీతి. సర్కారు పైకము దేవాలయమునకు వ్యయపఱచి అతడు గోలకొండ చెఱలో పండ్రెండు సంవత్సరము లుండెనని మన పెద్దలు చెప్పుదురు. మాదన్న మంత్రిత్వమే మొత్తము పండ్రెండు సంవత్సరములు గనుక ఆ లెక్క యెంతవఱకు పొసగునో విజ్ఞులే యోచింపవలెను. కాని మేనమామ దివానుగిరీలో నుండగా మేనల్లుడు చెఱలో నుండెనన్న కథలో ఒక సత్యము కలదు. చుట్టము తప్పు చేసినపుడు విడిపించిన నొక నింద, విడిపింపకున్న నొక నింద. అట్టి స్థానము మాదన్నది.

1677వ సంవత్సరమున శివాజీ హైదరాబాదు వచ్చుట అతని జీవితములో నున్నత ఘట్టము. ఛత్రపతికి నగరమున అపూర్వమైన స్వాగతము జరిగెను. దాద్‌మహలులో తానీషా అతని నెదుర్కొని ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. శివాజీ మాదన్న యింట విందారగించెననియు, మంత్రిగారి తల్లి తానే వంట చేసెననియు మహారాష్ట్రుల బఖరులు చెప్పుచున్నవి. శివాజీ కర్ణాటక దండయాత్రకు దినమునకు మూడువేల హొన్నులును ఫిరంగులును ఇచ్చునట్లును, జయించిన దేశములో గోలకొండకు భాగము వచ్చునట్లును ఏర్పాటు జరిగెను. మొగలాయిల ధాటికి ఒంటరిగా నిలువజాలమనియు, దక్కను రాజ్యము లొండొంటికి తోడుపడవలెననియు మాదన్న యోచన. యోచన మంచిదే. కాని శివాజీ జింజీ మొదలగు కోటలను పట్టుకొని గోలకొండ భాగమును చూపలేదు. సొమ్ము పోయినది, భూమి రాలేదు, పాదుషాకు మాత్రము కోపము వచ్చినది. ఓర్వలేనివారికి ఇంతకంటె కావలసిన దేమి?

ఇక నిందలు రెండు వైపులనుండి వచ్చినవి. రాజును పాటలలోను పానములోను ముంచి మంత్రి తానే రాజ్యము చేయుచున్నాడని దర్బారు మాట. మఱియు మొగలాయి దండులో చెప్పుకొన్నది, పాదుషా తానే వ్రాసినది, ముసల్మాను రాజ్యమును ఒక బ్రాహ్మణుని చేతిలో పెట్టినారని. తానీషా సంగీత నాట్యములయందు ప్రీతిగలవాడగుట నిజము. కూచిపూడి గ్రామమును భాగవతుల కిచ్చినవాడు అతడేయని ప్రతీతి. అయినను రాజు బొమ్మ యన్నది మా మనస్సున కెక్కదు. ముజఫరును దింపినవాడును, కడపటి ముట్టడిలో ఎనిమిది మాసములు నిలిచినవాడును ఒక్కడే గదా.

1685వ సంవత్సరమున ఔరంగజేబు బిజాపురమును ముట్టడించుచుండెను. బిజాపురమునకు సహాయముగా సేనను పంపుటకు తానీషా సిద్ధముగా నున్నట్లు, మొగలాయి దండులోని తన వకీలునకు అతడు వ్రాసిన జాబొకటి పట్టుబడెను. పాదుషా వెంటనే తన కుమారుడు షా ఆలమును పెద్ద ఫౌజుతో హైదరాబాదుపైకి పంపెను. మాల్‌ఖేడు వద్ద ఇబ్రహీము వారి నెదిరించి కొన్ని మాసములు ముందునకు సాగనీయలేదు. కాని యుద్ధభూమి కంటె దర్బారులో పుకార్లు వేగముగా నడచినవి. ఇబ్రహీము శత్రువులతో మాటలాడుచున్నాడని యొకరు, అతనిని బంధింపుమని మాదన్న రాజునకు చెప్పినాడని యొకరు. ఈ మాటలు ఇబ్రహీము చెవిని పడినవి. అతడు ముందే ద్రోహియై యుండెనో, ద్రోహి యనిపించుకొని ద్రోహి యయ్యెనో కాని, ఆ సంవత్సరము అక్టోబరులో షా ఆలము పక్షమున చేరిపోయెను.

ఆ వార్త వచ్చిన రాత్రి తానీషా ఎవరితోను ఆలోచింపక నగరము విడిచి గోలకొండ కోటలో ప్రవేశించెను. తెల్లవారకముందే సంగతి నగరమంతట ప్రాకెను. ప్రభువులు తమ యిండ్లను సొత్తును వదలి భార్యాబిడ్డల చేతులు పట్టుకొని కాలినడకను కోటకు పరుగిడిరి. రాణివాసపు స్త్రీలు ముసుగు సవరించుకొనుటకు కూడ తెఱపి లేక వీథులబడి పోయిరి. హైదరాబాదు నగరమును దొంగలు కొంతయు మొగలాయి సైనికులు కొంతయు దోచిరి. మాదన్న చావునకు కారణమును వెదకువారు ఆ రాత్రినే చూడవలెనని మా తలంపు. ఏండ్లనాటి అసూయ అంతకుముందును గలదు. కాని ఇల్లు పోగొట్టుకొన్న సర్దారులును, వీథిని నడచిన రాణులును ఒక్క కోటలో ఇఱుకున చేరి, ఎవనివలన మన కీ గతి పట్టెనని రాత్రింబవళ్ళు మాటలాడుకొన నారంభించినది అప్పుడే.

షా ఆలము సంధికి ఒప్పుకొనెను. కోటి యిరువది లక్షల రూపాయలు, ఏటేట రెండు లక్షల హొన్నుల కప్పము, మాల్‌ఖేడు సేడము పరగణాలు, వీనితోపాటు అక్కన్న మాదన్నలను పదవినుండి తొలగించుట, ఇవి నియమములు. ధనము సంగతి యెట్లున్నను, నాలుగవ నియమమును తానీషా నెరవేర్ప లేదు. నేడు రేపని దాటవేయుచు శీతకాలమంతయు గడపెను. తనను సింహాసనమున నిజముగా కూర్చుండబెట్టినవానిని విడుచుటకు అతనికి మనసు రాలేదని మేము నమ్ముచున్నాము. అతని ఈ మంచితనమే మాదన్నను చంపినది. పదవినుండి తొలగినచో ప్రాణముతో హనుమకొండ పోయి యుండునేమో.

రాజు చేయని పనిని అంతఃపురము చేయ బూనెను. అబ్దుల్లా కుతుబ్‌షా విధవలగు సరూమా, జానీ సాహెబా యను నిరువురు పెద్దరాణులు అసంతుష్టులైన సర్దారులతో కలిసి కుట్ర పన్నిరి. ఈ బ్రాహ్మణుడు తొలగినచో పాదుషా కోపము చల్లారును, వంశము నిలుచును అని వారి నమ్మకము. 1686వ సంవత్సరము మార్చి నెలలో ఒక రాత్రి మాదన్న రాజసన్నిధినుండి సెలవు తీసికొని యింటికి మరలుచుండెను. కోటవీథిలో జంషీదు అను బానిసయు అతని తోడివారును పైబడి అతనిని నఱికిరి. అక్కన్నయు ఆ రాత్రియే చంపబడెను. రుస్తుంరావును ఇంటిదాక తఱిమి చంపిరి. వారి యిండ్లు దోచిరి. కోటలోని యితర బ్రాహ్మణ కుటుంబములపైనను దౌర్జన్యము జరిగెను. రాజునకు తెలియునప్పటికి అంతయు ముగిసినది. సోదరుల శిరస్సులను పెద్దరాణి షా ఆలమునకు కానుకగా పంపెను.

కొలది కాలమునకు మొగలాయి సేన వెనుకకు మరలెను. తాము అనుకొన్నట్లే జరిగినదని కోటలోనివారు సంతోషించి యుందురు. ఆ సెప్టెంబరులో బిజాపురము పడెను. బిజాపురమున మాదన్న లేడు. అచ్చట మంత్రులు ముసల్మానులే. అయినను ఆ రాజ్యము మిగులలేదు. 1687వ సంవత్సరము జనవరి నెలలో ఔరంగజేబు తానే గోలకొండకు వచ్చి విడిసెను. తానీషా బ్రతిమాలుచు జాబులు పంపగా, దుర్మార్గుని మంత్రిగా నుంచుకొనుటయు, శంభాజీకి లక్ష హొన్నులు పంపుటయు మొదలగు పాత నేరముల పట్టికయే జవాబుగా వచ్చెను. చచ్చినవాడు ఇంకను నేరస్థుడే! శిరస్సులను కానుకగా అందుకొన్న షా ఆలము కూడ తప్పించుకొనలేదు. అతడు తానీషాతో రహస్యముగా మంతనము లాడుచున్నాడని పాదుషా చెవిని వేసిరి. ఫిబ్రవరిలో ఆ రాజకుమారుడును అతని కొడుకులును బంధింపబడి యేండ్ల తరబడి చెఱలో నుండిరి.

ముట్టడి ఎనిమిది మాసములు సాగెను. వానలు, కఱవు, తెగుళ్ళు మొగలాయి దండును పీడించినవి. కోటగోడ క్రింద త్రవ్విన మందుపాతరలు వారిమీదనే ప్రేలినవి. ఫిరంగులు పడగొట్టలేని కోటను లంచము పడగొట్టెను. సెప్టెంబరు 21వ తేదీ తెల్లవారుజామున అబ్దుల్లాఖాను పన్నీ అను లోపలి సర్దారు తలుపు తెఱచెను. అబ్దుల్ రజాకు లారీ యనునొక్కడు డెబ్బది గాయములు తగులువఱకు ద్వారము వద్ద పోరాడెను. తానీషా అంతఃపురమునకు పోయి ఏడ్చుచున్న స్త్రీల నోదార్చి సెలవు తీసికొనెను. పిమ్మట తనను పట్టుకొనవచ్చిన సర్దారులను కూర్చుండుడని చెప్పి, వేళకు భోజనము తెప్పించుకొని నెమ్మదిగా ఆరగించి, వారి వెంట నడచెను. అతనిని దౌలతాబాదు కోటలో నుంచి సంవత్సరమునకు ఏబదివేల రూపాయలు భరణ మేర్పఱచిరి. మరల బయటికి రాలేదు.

గోలకొండ చూడబోవు మన విద్యార్థులు నగీనాబాగు దరిదాపున అక్కన్న మాదన్నల కచేరి యని చూపబడు పాతగోడలను చూడవచ్చును. అచ్చటినుండి రాణిమహలుల శిథిలములకు నడచి పోవుటకు కొన్ని నిమిషములు చాలును.